నడిసంద్రంలో గుండెపోటు... ఒడ్డున పునర్జన్మ

బైపాస్ శస్త్రచికిత్స అనంతరం మళ్లీ ఓడెక్కిన ఉద్దానం నావికుడు
నొప్పిని దాచిన రెండు రోజులే ప్రాణాల మీదికి తెచ్చిన వైనం

సోంపేట: పెనుగాలులకు, కొండంత కెరటాలకు వెరవకుండా ఇరవై తొమ్మిదేళ్లపాటు సాగరయానం చేసిన మనిషి ఆయన. ఛాతీలో మొదలైన చిన్న బరువును మాత్రం గుర్తించలేకపోయారు. గ్యాస్ నొప్పి అనుకొని యాంటాసిడ్ బిళ్లలు మింగారు. మూడో రోజుకు అది గుండెపోటని తేలింది. అప్పటికి తీరం ఒకటిన్నర రోజుల దూరంలో ఉంది. ఓడలో వైద్యుడు లేడు. అలాంటి స్థితి నుంచి బయటపడి, బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొని, పది నెలల తర్వాత తిరిగి నౌకలో కాలుపెట్టిన ఉద్దానం నావికుడి అనుభవం సముద్రంపై ఆధారపడి బతికే తీరప్రాంత కుటుంబాలన్నింటికీ పాఠంగా నిలుస్తోంది. ఉద్యోగావకాశాలపై ప్రభావం పడుతుందన్న ఉద్దేశంతో ఆయన తన పేరు వెల్లడించవద్దని కోరారు.

గమ్యం విశాఖే... కానీ

ఇరవై మూడో ఏట సాధారణ డెక్ కళాసీగా చేరిన ఆయన అంచెలంచెలుగా బోసన్ స్థాయికి ఎదిగారు. డెక్‌పై పనిచేసే సిబ్బందికి పెద్ద బోసన్. పాతకాలంలో ఇదే పనివాణ్ని సరంగు అనేవారు. లంగరు దించడం, ఎత్తడం, రేవులో మోకులు కట్టించడం, సరకు గదుల మూతలు సరిచూడటం, తుప్పు గీకించి రంగులు వేయించడం ఆయన బాధ్యతలు. ఎండలోనూ, వానలోనూ శరీరశ్రమ తప్పదు.

2023 నవంబరులో దక్షిణాఫ్రికా నుంచి బొగ్గుతో విశాఖ వైపు వస్తున్న నౌకలో ఆయన విధుల్లో ఉన్నారు. వయసు 52. రోజుకు పది పన్నెండు సిగరెట్లు కాల్చే అలవాటు ఉంది. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నా క్రమం తప్పుతుండేది. ఒక సాయంత్రం మోకులు సర్దిస్తుండగా ఛాతీ మధ్యలో ఎవరో అరచేత్తో అదిమినట్లు అనిపించింది. కాసేపు కూర్చుంటే తగ్గిపోయింది. మర్నాడు మెట్లు ఎక్కుతుండగా మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమ దవడకు కూడా పాకింది.

విషయం పైఅధికారులకు చెప్పలేదు. అయిదారు రోజుల్లో విశాఖ చేరతామని, ఆ తర్వాత సొంత ఊళ్లోనే చూపించుకోవచ్చని భావించారు. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. రోగమని తెలిస్తే కాంట్రాక్టు మధ్యలోనే దింపేస్తారని, వైద్య ధ్రువపత్రం రద్దయితే మళ్లీ ఓడ ఎక్కడం కలేనని ఆయన భయపడ్డారు. కుమార్తె వివాహానికి చేసిన అప్పు అప్పటికి తీరలేదు. కుమారుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇంటికి ఆయన జీతమే ఆధారం.

మూడో రోజు తెల్లవారుజామున నిద్రలోనే నొప్పి లేపింది. చెమటలతో పడక తడిసిపోయింది. పక్క గదిలోని తోటి కళాసీ చూసి పరుగున వెళ్లి రెండో అధికారికి చెప్పాడు.

ఓడపై వైద్యం అందేదిలా

అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం వందమంది లేదా అంతకు మించి మనుషులతో, మూడు రోజులకు మించిన అంతర్జాతీయ ప్రయాణాలు చేసే నౌకల్లోనే వైద్యుడు తప్పనిసరి. ఇరవై పాతిక మందితో నడిచే సరకు ఓడల్లో ఆ సదుపాయం ఉండదు. శిక్షణ పొందిన డెక్ అధికారి ఒకరు మందుల పెట్టె బాధ్యత చూస్తారు. క్లిష్ట సమయంలో ఉపగ్రహ ఫోన్ లేదా రేడియో ద్వారా ఒడ్డున ఉన్న వైద్యులను సంప్రదిస్తారు. ఈ సలహా ఏ దేశపు ఓడకైనా పగలూ రాత్రీ ఉచితంగా అందాలని ఒడంబడిక నిర్దేశిస్తోంది. ఇటలీ రాజధాని రోమ్‌లో 1935లో ఏర్పాటైన అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రం ఈ సేవకు పేరొందింది.

ఈ నావికుడి విషయంలోనూ అదే జరిగింది. వైద్యుని సూచన మేరకు రెండో అధికారి ఆస్పిరిన్ మాత్రను నమిలించారు. నాలుక కింద మరో మాత్ర ఉంచారు. నాడి, రక్తపోటు గంట గంటకూ రాసి పంపారు. ఆస్పిరిన్‌ను మింగకుండా నమలడం వల్ల మందు రక్తంలోకి వేగంగా చేరుతుంది. రక్తకణికలు ఒకదానికొకటి అతుక్కొని గడ్డ పెరగకుండా అది అడ్డుకుంటుంది. హెలికాప్టర్‌ను రప్పించే అవకాశం లేకపోయింది. తీరానికి కొన్ని వందల కిలోమీటర్ల లోపు ఉన్న ఓడలకే ఆ సాయం అందుతుంది. కెప్టెన్ దారి మళ్లించి నౌకను శ్రీలంక దక్షిణ కొసన ఉన్న గాలే వైపు నడిపారు. ఒకటిన్నర రోజుల ప్రయాణం తర్వాత చిన్న పడవలోకి దింపి ఆయనను ఒడ్డుకు చేర్చారు. మంచం దిగనివ్వకుండా వంతులవారీగా తోటివారు కాపలా కాశారు.

మూడు నాళాల్లో పూడిక

గుండె నిరంతరం శరీరానికి రక్తం పంపుతుంటుంది. ఆ గుండె కండరానికి కూడా రక్తం కావాలి. దానిని అందించేవి కరోనరీ ధమనులు. ఎడమవైపు మొదలయ్యే ప్రధాన నాళం రెండు పెద్ద శాఖలుగా చీలుతుంది. కుడివైపు మరొకటి ఉంటుంది. వాడుకలో మూడు నాళాలు అనేది వీటినే. వీటి లోపలి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుపోయి దారి ఇరుకవుతుంది. కాలువలో పూడిక పేరుకొన్నట్లే. శ్రమ చేసినప్పుడు అదనపు రక్తం అందక నొప్పి వస్తుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. ఇది హెచ్చరిక. ఆ కొవ్వు పొర పగిలి, దానిపై రక్తపు గడ్డ ఏర్పడితే గుండెపోటు వస్తుంది.

పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, వంశపారంపర్యం ఇందుకు ముఖ్య కారణాలు. ఓడ జీవితంలో వీటికి తోడయ్యేవి మరికొన్ని ఉన్నాయి. వేళాపాళా లేని నిద్ర, వేపుళ్లు, మాంసం, నెలల తరబడి కుటుంబానికి దూరంగా ఉండటం వల్ల కలిగే ఒత్తిడి వంటివి. నావికునికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నియమాలు చెబుతున్నా, రేవుల్లో సరకు ఎగుమతి దిగుమతుల వేళ ఆ విశ్రాంతి ముక్కలు ముక్కలుగానే దొరుకుతుందని నావికులు అంటుంటారు.

శ్రీలంకలోని ఆసుపత్రిలో చేసిన ఈసీజీలో మార్పులు కనిపించాయి. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి విడుదలయ్యే ట్రోపోనిన్ అధికంగా ఉన్నట్లు తేలింది. చేతి మణికట్టు నుంచి సన్నని గొట్టం పంపి యాంజియోగ్రామ్ చేయగా మూడు నాళాల్లోనూ పూడికలు బయటపడ్డాయి. స్టెంట్లు వేయడం కంటే బైపాస్ మేలని వైద్యులు నిర్ణయించారు. ఒకటి రెండు చోట్ల పూడిక ఉంటే సాధారణంగా స్టెంట్ సరిపోతుంది. మూడు నాళాలూ దెబ్బతిన్నా, ఎడమ ప్రధాన నాళం మూలంలోనే పూడిక ఉన్నా, మధుమేహం తోడైనా శస్త్రచికిత్స వైపు మొగ్గు చూపుతారు. పరిస్థితి కుదుటపడ్డాక ఆయనను తోడు మనిషితో విమానంలో చెన్నై మీదుగా విశాఖ తీసుకువచ్చారు.

ఉద్దానం అనగానే కిడ్నీ పరీక్ష

విశాఖ ఆసుపత్రిలో మరో చిక్కు ఎదురైంది. ఊరు ఏదని అడిగిన వైద్యులు ఉద్దానమని తెలియగానే మూత్రపిండాల పరీక్షలను మరోసారి చేయించారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్న సంగతి తెలిసిందే. యాంజియోగ్రామ్‌లో వాడే రంగుమందు మూత్రపిండాల ద్వారానే బయటకు పోవాలి. అప్పటికే బలహీనపడిన మూత్రపిండాలను అది మరింత దెబ్బతీసే ప్రమాదం ఉంది. గుండె శస్త్రచికిత్స కూడా వాటిపై భారం మోపుతుంది.

ఆయన రక్తంలో క్రియాటినిన్ సాధారణ స్థాయి కంటే కొద్దిగా ఎక్కువ ఉన్నట్లు తేలింది. అది తగ్గేవరకు కొద్దిరోజులు ఆగి, డిసెంబరు మొదటి వారంలో శస్త్రచికిత్స చేశారు. ఈ ప్రాంతవాసులు ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో గుండె పరీక్షలకు వెళ్లినా తాము ఉద్దానం నుంచి వచ్చామని ముందుగానే చెప్పడం మంచిది.

శస్త్రచికిత్స జరిగే తీరు

బైపాస్ అంటే పూడికను తొలగించడం కాదు. దానిని అలాగే వదిలేసి, పక్కనుంచి కొత్త దారి వేయడం. కొత్త దారికి కావాల్సిన నాళాలను రోగి శరీరం నుంచే తీసుకుంటారు. ఛాతీ గోడ లోపలివైపు దిగే ధమని ఇందుకు శ్రేష్ఠమైనది. పదేళ్ల తర్వాత కూడా ఎక్కువమందిలో ఇది తెరుచుకునే ఉంటుంది. కాలి నుంచి తీసే సిర తేలికగా దొరుకుతుంది కానీ కాలక్రమంలో పూడుకుపోయే అవకాశం దానికి ఎక్కువ. ముంజేతి ధమనిని సైతం వాడుతారు. ఈ నావికునికి ఛాతీ ధమనిని ముందువైపు ప్రధాన శాఖకు, కాలి సిర ముక్కలను మిగిలిన రెండింటికి కలిపారు.

ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి గుండెను చేరతారు. గుండెను కొంతసేపు ఆపి, గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి కుట్లు వేయడం ఒక పద్ధతి. అమెరికాకు చెందిన జాన్ గిబ్బన్ 1953లో తొలిసారి విజయవంతంగా వాడిన యంత్రం ఇందుకు మూలం. గుండె కొట్టుకుంటుండగానే, కుట్టు వేసే చోటును మాత్రమే కదలకుండా పట్టి ఉంచి చేయడం రెండో పద్ధతి. మన దేశంలో ఇది విరివిగా సాగుతోంది. చివరకు ఎముకను స్టీలు తీగలతో బిగించి కుడతారు. ఆ తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి. వాటితో ఇబ్బంది అరుదు.

కాలి సిరతో బైపాస్ చేసే విధానానికి 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో బాటలు వేసిన రెనే ఫావలోరో అర్జెంటీనా దేశస్థుడు. అంతకుముందు ఆయన దాదాపు పన్నెండేళ్లు తన దేశంలోని ఒక మారుమూల పల్లెలో వైద్యుడిగా పనిచేశారు. భారతదేశంలో తొలి బైపాస్‌ను 1975లో చెన్నైలోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ నిర్వహించారు. అప్పట్లో వార్తగా నిలిచిన ఆ చికిత్స నేడు విశాఖ వంటి నగరాల్లో నిత్యకృత్యంగా మారింది.

మూడు బంతుల పరీక్ష

శస్త్రచికిత్స అయిదు గంటలు సాగింది. మర్నాడు ఉదయం వెంటిలేటర్ గొట్టం తీసేశారు. ఛాతీ నుంచి రక్తం, నీరు బయటకు పోయేందుకు అమర్చిన గొట్టాలు మరో రెండు రోజులు ఉన్నాయి. తుపానులో స్తంభంలా నిలబడిన తాను మంచంపై పక్కకు తిరగడానికి ఇద్దరి సాయం కోరాల్సి రావడం మింగుడు పడలేదని ఆయన గుర్తు చేసుకున్నారు.

రెండో రోజు నుంచే ప్లాస్టిక్ పరికరం ఒకటి చేతికిచ్చి, ఊపిరి పీల్చి అందులోని మూడు బంతులను లేపాలని నర్సులు పట్టుబట్టారు. ఛాతీ నొప్పికి భయపడి రోగులు పైపైనే శ్వాస తీస్తారు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోయి, కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. అందుకే ఈ సాధన. మొదటి రోజు ఒక బంతి మాత్రమే కదిలింది. ఇంటికి వెళ్లేనాటికి మూడూ లేచాయి. దగ్గు వచ్చినప్పుడు దిండును గుండెలకు అదిమి పట్టుకోవాలని నేర్పారు. అలా చేస్తే కోసిన ఎముకపై ఒత్తిడి తగ్గుతుంది.

మూడో రోజు గుండె లయ తప్పి వేగంగా కొట్టుకోవడంతో కుటుంబసభ్యులు కలవరపడ్డారు. బైపాస్ తర్వాత తొలి రోజుల్లో ఇది చాలామందిలో కనిపించేదే. మందులతో ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంది. తొమ్మిదో రోజున ఆయనను ఇంటికి పంపారు.

ఇంట్లో తొలి మూడు నెలలు

ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటివరకు బరువులు ఎత్తరాదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, మనవలను ఎత్తుకోవడం, తలుపులు బలంగా నెట్టడం, ద్విచక్ర వాహనం నడపడం వద్దన్నారు. మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతులపై భారం వేయకుండా పక్కకు ఒరిగి లేవాలి. ఛాతీ ఎముకలో టకటక శబ్దం వచ్చినా, గాటు ఎర్రబారి చీము కారినా, జ్వరం తగిలినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని హెచ్చరించారు. ఛాతీకి ఎడమవైపు తిమ్మిరి, సిర తీసిన కాలిలో వాపు కొన్ని నెలలు ఉండవచ్చని, దానికి కంగారు పడనక్కర్లేదని చెప్పారు. కూర్చున్నప్పుడు కాలిని ఎత్తుపై ఉంచితే వాపు తగ్గుతుంది.

ఊళ్లో పరామర్శకు వచ్చినవారు తలో పథ్యం చెప్పారు. పప్పు చీము పట్టిస్తుందని ఒకరు, గుడ్డు వేడని మరొకరు, పెరుగు పడదని ఇంకొకరు వారించారు. వైద్యులు చెప్పింది అందుకు విరుద్ధం. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం. పప్పు, కోడిగుడ్డు తెల్లసొన, పులుసు పెట్టిన చేప తినవచ్చు. తగ్గించాల్సింది ఉప్పు. తీరప్రాంతంలో నిత్యం కంచంలో ఉండే ఎండుచేపలు, ఆవకాయల్లో దాగి ఉండేది అదే. ప్రతి కూరలో కొబ్బరి పడే ఉద్దానం ఇంట్లో కొబ్బరి కోరు, కొబ్బరి నూనెను తగ్గించడం ఆయన భార్యకు కష్టమైంది. ఉదయం చోడి అంబలి అలవాటు చేశారు. మూత్రపిండాల పరీక్షలను బట్టి మాంసకృత్తుల మోతాదును మాత్రం వైద్యులే నిర్ణయించారు.

ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి బిళ్లలు కొనడం పల్లెల్లో మామూలు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు అటు మూత్రపిండాలకు, ఇటు గుండెకు కూడా హాని చేస్తాయి. బైపాస్ అయినవారు, అందునా ఉద్దానం వాసులు వైద్యుని అనుమతి లేకుండా వాటి జోలికి వెళ్లరాదు.

ఇక నడక. మొదటి వారం వరండాలో అయిదేసి నిమిషాలు రోజుకు నాలుగు సార్లు నడిచారు. వారం వారం కొద్దిగా పెంచుతూ రెండో నెల చివరకు ఏకబిగిన అరగంట నడవగలిగారు. అలవాటు కొద్దీ సముద్రపు ఒడ్డుకు వెళ్లబోతే ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. ఇసుకలో నడక గట్టి నేలపై నడక కంటే ఎక్కువ శ్రమ. కొబ్బరి తోటల మధ్య తారురోడ్డుపైనే, ఎండ ఎక్కక ముందే నడవాలని సూచించారు. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. మాట తడబడితే ఎక్కువైనట్లు. ఈ కొలత ఎవరికైనా పనికొస్తుంది.

మనసుకూ గాయమే

శరీరం కోలుకుంటున్న కొద్దీ మనసు కుంగిపోవడం కుటుంబాన్ని కలవరపెట్టింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. చిన్న మాటకే కళ్ల నీళ్లు వచ్చేవి. గుండె చప్పుడు చెవిలో వినిపించి మళ్లీ పోటు వస్తుందేమోనని భయం పట్టుకునేది. ఊళ్లోవారు ఆపరేషన్ అయిన మనిషంటూ ఏ పనీ ముట్టనివ్వకపోవడం, అప్పులవాళ్లు మర్యాదగానే అయినా తరచూ వచ్చి పలకరించడం ఆయనను మరింత కుంగదీశాయి.

బైపాస్ చేయించుకున్నవారిలో దిగులు తరచూ కనిపించే విషయమే. అది పిరికితనం కాదు. చికిత్స చేయకుండా వదిలేస్తే మందులు మానేయడం, నడక ఆపేయడం, తిరిగి పొగతాగడం వంటి వాటికి దారితీస్తుంది. ఈ సంగతి తెలిసిన వైద్యులు ఆయనను మానసిక నిపుణుని వద్దకు పంపారు. మూడు నెలలు మందు వాడారు. అన్నింటికంటే ఎక్కువగా అయిదేళ్ల క్రితం బైపాస్ చేయించుకొని వ్యవసాయం చేసుకుంటున్న పొరుగూరి రైతుతో కలిసి నడవడం తనకు ధైర్యాన్నిచ్చిందని ఆయన తెలిపారు. ఓడలో అంటుకున్న సిగరెట్టును గాలే రేవులో దిగిన నాటి నుంచి ముట్టలేదు.

మళ్లీ సముద్రానికి అనుమతి ఎలా

నావికులు ఓడ ఎక్కాలంటే నౌకాయాన డైరెక్టర్ జనరల్ గుర్తించిన వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి. పెద్దలకు దీని గరిష్ఠ గడువు రెండేళ్లు. గుండె జబ్బు వచ్చిందంటే ఉద్యోగం పోయినట్లేనన్న అభిప్రాయం తీరంలో బలంగా ఉంది. ఇది పూర్తిగా నిజం కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ కలిసి 2013లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం గుండె నాళాల జబ్బుకు చికిత్స పొందినవారు కనీసం మూడు నెలలు నౌకాయానానికి తాత్కాలికంగా అనర్హులు. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతన్నదే ప్రధానం. ఆ అవకాశం చాలా తక్కువని తేలి, మందులు, అలవాట్ల విషయంలో సలహాలు పూర్తిగా పాటిస్తున్నవారికి మొదట ఆరు నెలల ధ్రువపత్రం, ఆపై ఏటేటా పరీక్షించి కొత్తది ఇవ్వవచ్చు. అవకాశం కొంత ఉన్నవారిని తీరానికి దగ్గరగా తిరిగే నౌకలకు పరిమితం చేస్తారు. ఒంటరిగా కాపలా విధులు అప్పగించరు. ప్రమాదం తగ్గే వీలు లేనివారికి మాత్రం శాశ్వతంగా తలుపులు మూసుకుపోతాయి.

ఇంత జాగ్రత్త ఎందుకన్నదానికి జవాబు ఆయన అనుభవంలోనే ఉంది. ఒడ్డున పోటు వస్తే గంటలో ఆసుపత్రి. నడిసంద్రంలో వస్తే రోజులు. కాపలాలో ఒక్కడే ఉన్న మనిషి కుప్పకూలితే ఓడలోని వారందరికీ ముప్పే.

శస్త్రచికిత్స జరిగిన నాలుగు నెలలకు, 2024 ఏప్రిల్‌లో ఆయన తొలిసారి పరీక్షకు వెళ్లారు. ట్రెడ్‌మిల్‌పై మధ్యలోనే ఆయాసం వచ్చి ఆగిపోయారు. రక్తపోటు అదుపులో లేదు. వైద్యుడు నిరాకరించారు. ఆ రోజు విశాఖ నుంచి రైల్లో తిరిగి వస్తూ ఓడ జీవితం ముగిసిందనుకున్నారు. అయితే మందు మార్చాక, మరో అయిదు నెలలు నడక, వ్యాయామం సాగించాక సెప్టెంబరులో జరిపిన పరీక్షలో పూర్తి సమయం పరుగెత్తగలిగారు. ఈసారి తీరప్రాంత జలాలకు పరిమితమైన ఆరు నెలల ధ్రువపత్రం లభించింది. అక్టోబరులో తూర్పు తీరంలోని ఒక రేవులో ఓడలను లాగే టగ్ నౌకలో చేరారు. జీతం మునుపటి కంటే బాగా తక్కువ. కానీ నెలకోసారి ఇంటికి రాగలుగుతున్నారు. అప్పు నెమ్మదిగా తీరుతోంది. దూరప్రాంత నౌకల్లోకి మళ్లీ వెళ్లాలన్న ఆశను తానే వదులుకున్నానని ఆయన చెప్పారు.

ఖర్చు ఎవరిది

సముద్ర కార్మిక ఒడంబడికను భారత్ 2015 అక్టోబరులో ఆమోదించింది. ఏడాది తర్వాత అది దేశంలో అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం విధుల్లో ఉండగా జబ్బుపడిన నావికుని వైద్యఖర్చులు, ఇంటికి చేర్చే ఖర్చు నౌకా యజమానివే. ఓడలో ఉన్నంతకాలం పూర్తి జీతం ఇవ్వాలి. ఇంటికి చేరాక చట్టం, కార్మిక ఒప్పందాలను బట్టి పూర్తిగానో, కొంతమేరకో జీతం అందాలి. ఈ బాధ్యతకు దేశాలు గడువు విధించవచ్చు కానీ అది పదహారు వారాలకు తగ్గరాదు. ఆ గడువు దాటితే భారం కుటుంబంపై పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఉద్దేశపూర్వకంగా దాచిన జబ్బుకు యజమాని బాధ్యత వహించనవసరం లేదు. కాబట్టి రక్తపోటు, మధుమేహం ఉన్నవారు వైద్యపరీక్ష రోజున మాత్రమే మందు వేసుకొని గట్టెక్కాలని చూస్తే చివరకు నష్టపోయేది తామే. ఈ నావికుడు తన రక్తపోటును ముందే నమోదు చేయించారు. అందువల్లే ఖర్చు విషయంలో పేచీ రాలేదు. ప్రభుత్వ లైసెన్సు లేని ఏజెంట్ల ద్వారా ఓడ ఎక్కినవారికి ఇలాంటి హక్కులు కాగితాలకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. నియామక సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో నౌకాయాన డైరెక్టరేట్ వద్ద సరిచూసుకున్నాకే పత్రాలు చేతికివ్వాలి.

గుర్తుంచుకోవాల్సినవి

- శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఛాతీ బరువు, దవడ, ఎడమ చేయి, వీపులోకి పాకే నొప్పి, కారణం లేని చెమటలు, ఆయాసం గ్యాస్ లక్షణాలని తేలిగ్గా తీసుకోరాదు. మధుమేహులకు, మహిళలకు నొప్పి లేకుండా నీరసం, ఆయాసం మాత్రమే ఉండవచ్చు.

- ఒడ్డున ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి. ద్విచక్ర వాహనంపై రోగిని తీసుకువెళ్లడం ప్రమాదకరం. ఓడలో ఉంటే తక్షణం అధికారికి చెప్పాలి. వేటలో ఉన్న మత్స్యకారులు పడవలోని రేడియో, ఫోన్ ద్వారా సమాచారమిచ్చి ఒడ్డుకు మళ్లాలి. రోగితో వలలు లాగించకూడదు.

- ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగతావారు వైద్యుని సలహాతో దానిని నమలవచ్చు.

- బైపాస్ తర్వాత మందులు జీవితాంతం వాడాలి. బాగుందని మధ్యలో ఆపితే కొత్తగా వేసిన దారులు కూడా పూడుకుపోతాయి.

- ఈసీజీ, శస్త్రచికిత్స వివరాలు, మందుల జాబితా నకళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి.

ప్రస్తుతం టగ్ నౌకలో ఆయన సంచిలో ఈ కాగితాలు నీళ్లు తగలని కవరులో ఉంటున్నాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లెవరైనా ఛాతీ పట్టుకొని గ్యాస్ అంటే వారి మాట నమ్మడం లేదు. ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాత కెప్టెన్‌కు ఆయనే స్వయంగా చెబుతున్నారు. నొప్పిని దాచిన ఆ రెండు రోజుల్లో గుండె కండరం కొంత శాశ్వతంగా దెబ్బతిందని, ముందే నోరు విప్పి ఉంటే దూరప్రాంత నౌకను వదులుకోవాల్సి వచ్చేది కాదేమోనని ఆయన అంటున్నారు.